కరిచిన ఊళ్లోనే మొదటి సూది

రేబిస్ క్రిమి జబ్బుపడిన జంతువు చొంగలో ఉంటుంది. ఆ జంతువు కరిస్తేనో, గోళ్లతో గీరితేనో, తెగిన చర్మాన్నో పెదవినో కంటినో నాకితేనో క్రిమి మనిషి ఒంట్లోకి దిగుతుంది. గాయం దగ్గరి కండలో కొంతకాలం ఉండి, అక్కడి నరం కొస పట్టుకుని, ఆ నరం వెంటే వెన్నుపాములోకి, అక్కణ్ణుంచి మెదడులోకి పాకుతుంది. ఇందుకు చాలామందిలో ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కొందరిలో వారం పది రోజుల్లోనే అయిపోతుంది, అరుదుగా ఏడాది దాటుతుంది. ముఖానికో మెడకో చేతివేళ్లకో పడిన కాటు పిక్కకు పడిన కాటు కంటే తొందరగా ముంచుకొస్తుంది. క్రిమి మెదడుకు చేరాక జ్వరం వస్తుంది, కాటు పడినచోట తిమ్మిరి, మంట మొదలవుతాయి. తర్వాత నీళ్లు చూస్తేనే గొంతు బిగుసుకుపోతుంది, గాలి తగిలితే ఒళ్లు ఉలిక్కిపడుతుంది. కొందరిలో ఈ లక్షణాలేవీ లేకుండా కాళ్లూ చేతులూ చచ్చుబడతాయి. ఈ దశకు వచ్చిన రోగిని వెనక్కి తెచ్చే మందు వైద్యం దగ్గర లేదు. కాటు పడిన వెంటనే గాయం కడిగి, టీకా సరిగ్గా వేయించుకున్నవాళ్లు మాత్రం దాదాపు అందరూ బతుకుతారు.

ప్రయాణంలో ఉన్నవాళ్లకు చిక్కంతా ఇక్కడే. కాటు ఒక ఊళ్లో పడుతుంది, మర్నాటికి మనిషి ఇంకో ఊళ్లో ఉంటాడు, జబ్బు బయటపడేది ఇంటికి చేరాక. మధ్యలో టీకా ఎక్కడ, ఎప్పుడు అన్నదాని మీదే ఏళ్ల తరబడి కాశీకి, అరుణాచలానికి యాత్రా బస్సులు నడుపుతున్న ఒక పెద్దాయనకూ, ప్రభుత్వ ఆసుపత్రిలో కుక్కకాటు విభాగం చూసే ఆయన మేనకోడలికీ వాదన. ఇద్దరూ తెలిసి మాట్లాడేవాళ్లే. ఆయనకు యాత్రికులు తెలుసు, ఆమెకు గాయాలు తెలుసు.

మేనమామ లెక్కలతో మొదలుపెట్టాడు. "అమ్మాయ్, వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వాళ్లు ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ప్రకారం ఈ దేశంలో ఏటా 90 లక్షల పైచిలుకు మందిని జంతువులు కరుస్తున్నాయి. రేబిస్‌తో పోయేవాళ్లు సుమారు 5,700 మంది. అంతకుముందు 20 వేలని చెప్పేవాళ్లు. అంటే 1,600 కాట్లకు ఒక మరణం. నా బస్సులో 40 మంది ఎక్కుతారు. ఇంత చిన్న ప్రమాదానికి యాత్ర మొత్తాన్ని భయంతో నింపడం ఎందుకు?"

"ఆ 1,600 మందిలో ఎక్కువమంది టీకా వేయించుకున్నారు మావయ్యా, అందుకే బతికారు. టీకా తీసేసి లెక్క కట్టండి, అప్పుడు చూద్దాం. ఆ సర్వేలోనే ఇంకో మాట ఉంది. కుక్క కరిచినవాళ్లలో ప్రతి ఐదుగురిలో ఒకరు ఒక్క సూదీ వేయించుకోలేదు. మొదలుపెట్టినవాళ్లలో సగానికి దగ్గరగా మధ్యలో మానేశారు. ఆ 5,700 మంది ఎక్కువగా వీళ్లలోంచే వస్తారు."

కరిచే కుక్కల్లో ఎక్కువ భాగం ఆరోగ్యంగా ఉన్నవేనన్నది నిజం. అయితే కరిచిన క్షణాన ఏది ఏదో చూసి చెప్పలేం. జబ్బు బయటపడడానికి కొన్ని రోజుల ముందు నుంచే కుక్క చొంగలో క్రిమి ఉంటుంది. అప్పటికది మామూలుగా తింటుంది, తోక ఊపుతుంది, పిలిస్తే వస్తుంది. నోట చొంగ కార్చుకుంటూ దారే పోయే ప్రతివాడి మీదా పడే పిచ్చికుక్క బొమ్మ ఒకటే మనసులో పెట్టుకున్నవాడికి, మెత్తగా ఒళ్లోకి వచ్చిన కుక్కపిల్ల గీరు గీరులాగే కనిపించదు. ప్రపంచంలో ఏటా రేబిస్‌తో పోయేవాళ్లు 59 వేల మందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో 100కి 95 మంది ఆసియా, ఆఫ్రికా ఖండాలవాళ్లు. 100కి 99 మందికి అది కుక్క నుంచే వచ్చింది.

మేనమామ రెండో వాదం భక్తికి సంబంధించింది. "కాలభైరవుడి వాహనం కుక్క. కాశీ వెళ్లినవాడు కుక్కకు ఇంత రొట్టె పెట్టకుండా రాడు. అరుణాచలంలో గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరితే ఏదో ఒక కుక్క కూడా నడుస్తుంది, దాన్ని తోడు వచ్చిందనుకుంటారు మా వాళ్లు. అదిలించమంటే వింటారా? వినకూడదు కూడా. మూగజీవాన్ని రాయి పెట్టి కొట్టడం నేర్పేదానికి యాత్ర అని పేరెందుకు?"

"కొట్టమని నేననను. రాయి పడ్డ కుక్కే కరుస్తుంది. మీవాళ్లు పెట్టే పద్ధతి మారిస్తే చాలు. చేత్తో నోటికి అందించకూడదు. ఆకులో పెట్టి నాలుగడుగులు వెనక్కి రావాలి. తింటున్న కుక్కను, పడుకున్న కుక్కను, పిల్లల్ని వేసుకున్న తల్లిని ముట్టుకోకూడదు. మీద మీదకు వస్తే పరుగెత్తకూడదు, పరుగెత్తేదాన్ని తరమడం దాని నైజం. చేతులు ఒంటికి ఆనించుకుని కదలకుండా నిలబడాలి, కళ్లలోకి గుచ్చి చూడకూడదు, అది సద్దుమణిగాక మెల్లిగా పక్కకు తప్పుకోవాలి."

చీకట్లో దారి పక్క పడుకున్న కుక్క తోక తొక్కడం ప్రదక్షిణ చేసేవాళ్లకు జరగని పని కాదు. చెప్పులుండవు, పంచె మోకాళ్ల దాకా ఎగగట్టి ఉంటుంది, పిక్క వట్టిది. చేతిలో ఒక టార్చి ఉంటే ఆ కాటు పడదు. పిల్లల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే రేబిస్ మృతుల్లో 100కి 40 మంది 15 ఏళ్ల లోపువాళ్లే. పెద్దలు తిడతారని గీరును దాచేస్తారు. ఎత్తు తక్కువ కాబట్టి కాటు ముఖానికి పడుతుంది. వేసవి సెలవులకు అమెరికా నుంచి తాతగారి ఊరికి వచ్చే మనవలు అక్కడ ఇంటి కుక్కను వాటేసుకున్నట్టే ఇక్కడ వీధి కుక్కను వాటేసుకోబోతారు. విమానం దిగిన రోజే ఈ తేడా వాళ్లకు చెప్పాలి.

చెవి కొస కత్తిరించి ఉన్న కుక్కకు టీకా వేసినట్టేనని మేనమామ నమ్మకం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసినప్పుడు చెవికి ఆ గుర్తు పెడతారు, రేబిస్ టీకా కూడా అప్పుడే వేస్తారు. ఆ టీకాను మళ్లీ మళ్లీ వేస్తుంటేనే బలం నిలుస్తుంది. చెవి చూసి ఆపరేషన్ ఎన్నేళ్ల కిందట అయిందో చెప్పలేం. "చెవి గుర్తు చూసి టీకా మానేయకండి" అని మేనకోడలు అక్కడితో ఆ మాట ముగించింది.

గాయం సంగతి దగ్గర మాత్రం వాదన పెద్దగా సాగలేదు. మేనమామ బస్సులో పసుపు, కారం, కాఫీపొడి మూడూ ఉంటాయి, వంటవాళ్లు ఎక్కించినవే. కుక్కకాటుకు కారం అద్దడం, సున్నం పట్టించడం, పసరు కట్టించడం చూసినవాడే, చేయించినవాడే ఆయన.

"ఏదీ వద్దు మావయ్యా. సబ్బు, నీళ్లు. కుళాయి తిప్పి, గాయాన్ని ధార కింద పెట్టి, సబ్బు రాస్తూ 15 నిమిషాలు కడగాలి. గడియారం పెట్టుకుని కడగాలి, ఎందుకంటే మామూలుగా రెండు నిమిషాలకే చెయ్యి తీసేస్తారు. పంటి గుంట లోపలికి నీళ్లు వెళ్లాలి. ఆ క్రిమికి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బుకు అది విరిగిపోతుంది. తర్వాత అయోడిన్ మందు ఉంటే రాయండి. కారం, సున్నం గాయాన్ని మండించి క్రిమిని ఇంకా లోపలికి తోస్తాయి. కట్టు కట్టొద్దు, కుట్లు వేయించొద్దు."

"నడి రోడ్డు మీద కుళాయి ఎక్కడిది?"

"బస్సులో తాగునీటి క్యాన్లు ఉంటాయిగా. ఒకరు వంచి పోస్తుంటే ఒకరు కడగండి."

అసలు పేచీ దీని తర్వాతిది. మేనమామ మాట ఇది: "కడగడం సరే, ఒప్పుకున్నా. టీకా మాత్రం ఇంటికొచ్చాక. యాత్ర మధ్యలో ఒక్కరి కోసం మిగతావాళ్లను ఆపి, భాష రాని ఊళ్లో ఆసుపత్రి వెతుక్కుంటూ తిరగమంటావా? నాలుగైదు రోజుల్లో ఊరు చేరతాం. జబ్బు రావడానికి నెలలు పడుతుందని మీ డాక్టర్లే అంటారు. పైగా కుక్కను పది రోజులు గమనించాలని, అది బతికుంటే భయం లేదని కూడా మీరే అంటారు."

ఇది తేలిగ్గా తోసేసే వాదం కాదు. యాత్రల్లో కాటు పడినవాళ్లలో చాలామంది మనసులో మెదిలేది ఇదే. మేనకోడలు ఒక్కో ముడీ విప్పింది.

"పది రోజుల నియమం కుక్కకు, పిల్లికి మాత్రమే. అది కూడా కళ్లెదుట ఉండే జంతువుకు. మీ వీధిలో, మీ ఎదురింటి కుక్క కరిస్తే రోజూ చూడగలరు. అరుణాచలంలో కరిచిన కుక్కను మన గుంటూరు నుంచి ఎవరు చూస్తారు? అందులోనూ గమనించేవరకూ టీకా ఆపమని కాదు దాని అర్థం. ముందు సూది మొదలవ్వాలి, పది రోజులకూ కుక్క ఆరోగ్యంగా ఉంటే అప్పుడు మిగతా సూదుల సంగతి డాక్టరు చెబుతాడు. ఇక నెలల మాట. నెలలు పడుతుందన్నది చాలామంది సంగతి, మీ బస్సులోని ఆ ఒక్కడి సంగతి కాదు. ముఖానికి కరిస్తే అంత గడువు ఉండకపోవచ్చు. టీకా పడిన రోజే రక్షణ రాదు, ఒంట్లో ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మీరు దారిలో పోగొట్టే నాలుగు రోజులు అందులోంచి పోతాయి."

"మరి ఆ వారం రెండు వారాలు మనిషికి అడ్డం ఏముంది?"

"ఇమ్యునోగ్లోబులిన్."

ఈ మందు సంగతి యాత్రికుల్లో చాలామందికి తెలియదు, చిన్న ఆసుపత్రుల్లో దొరకదు కూడా. చర్మం చీల్చి రక్తం చూపిన ప్రతి కాటు, ప్రతి గీరు, పుండు మీదో నోటిలోనో కంటిలోనో తగిలిన చొంగ అన్నిటికంటే తీవ్రమైన మూడో తరగతి గాయాల కిందికి వస్తాయి. వీటికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కావాలి. ఇందులో ఉండేవి సిద్ధంగా చేసిన ప్రతిరక్షకాలే. మనిషి రక్తం నుంచి తీసినదైతే కిలో బరువుకు 20 యూనిట్లు, గుర్రం రక్తం నుంచి తీసినదైతే 40 యూనిట్ల లెక్కన, గాయంలో ఎంత పడితే అంత గాయంలోకే, దాని చుట్టూనే ఎక్కిస్తారు. వేలికొస మీద కాటైతే ఈ సూదికి ప్రాణం గిలగిలలాడుతుంది, అయినా మానకూడదు. మొదటి టీకా పడ్డాక ఏడు రోజుల లోపలే దీన్ని ఇవ్వాలి, తర్వాత ఇచ్చి ఉపయోగం లేదు. అందువల్ల చిన్న ఊళ్లో కాటు పడితే టీకా అక్కడే వేయించుకుని, ఇమ్యునోగ్లోబులిన్ కోసం దారిలో వచ్చే పెద్దాసుపత్రికి ఆ వారంలోపే చేరాలి. రక్తం రాని చిన్న గీరుకు, పంటి నొక్కుకు టీకా ఒక్కటే చాలు. తెగని చర్మాన్ని కుక్క నాకినా, కుక్కను నిమిరినా ఏమీ అక్కర్లేదు, కడుక్కుంటే సరిపోతుంది.

యాత్ర ఆగిపోతుందన్న మాటకు మేనకోడలు తేదీలతో జవాబిచ్చింది. "చర్మం పొరలోకి వేసే పద్ధతిలో నాలుగు రోజులు వెళ్లాలి: మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. అరుణాచలంలో కరిచిందనుకోండి. ఆ ఊళ్లోనే, అంటే తిరువణ్ణామలైలో, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, మొదటిది అక్కడ. మూడో రోజుకు మీరు రామేశ్వరంలో ఉంటే రెండోది అక్కడి ప్రభుత్వాసుపత్రిలో. ఏడో రోజుకు ఇంట్లో ఉంటారు, 28కి ఎటూ ఇంట్లోనే. కాశీలో అయితే బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వాళ్ల సర్ సుందర్‌లాల్ ఆసుపత్రి ఉంది. టీకాకు ప్రభుత్వాసుపత్రిలో పైసా అడగరు. చీటీ మాత్రం పారేయకండి. ఏ టీకా, చర్మంలోకా కండలోకా, ఏ తేదీ అన్నది దాని మీద ఉంటుంది, తర్వాతి ఊళ్లో డాక్టరుకు అదే భాష."

కండలోకి వేసే పద్ధతి అయితే 0, 3, 7, 14, 28 రోజులకు ఐదు సూదులు. ఏ పద్ధతైనా పెద్దవాళ్లకు భుజానికే వేయాలి, పసిపిల్లలకు తొడ ముందు భాగానికి. పిరుదుకు వేస్తే కొవ్వులో పడి సరిగ్గా పనిచేయదు. చర్మం పొరలోకి వేసినప్పుడు రెండు భుజాల మీదా 0.1 మిల్లీలీటరు మందుకు పెసరగింజంత బుడిపె లేస్తుంది. అది లేచిందంటే సూది సరిగ్గా పడ్డట్టు. గర్భిణులు, బాలింతలు, ముసలివాళ్లు, నెలల పిల్లలు ఎవరికీ ఈ టీకా నిషేధం లేదు. పథ్యమూ లేదు.

అప్పటికీ మేనమామ గొంతులో ఒక జంకు మిగిలింది. "మా నాన్నకు బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచారు. మా ఊళ్లో ఆ సూదులకు భయపడి పసరువాడి దగ్గరికి పోయినవాళ్లున్నారు." ఆ భయానికి కారణం లేకపోలేదు. 1885 జులైలో పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు మొదటి రేబిస్ టీకా వేశాడు. కసౌలిలో డేవిడ్ సెంపుల్ 1911లో గొర్రె మెదడుతో తయారుచేసిన టీకా తర్వాత దశాబ్దాల పాటు మన దేశానికి దిక్కయింది. పొట్ట మీద రోజుకొకటి పొడిచే సూదులు అవే. నొప్పి సంగతి అలా ఉంచితే, కొందరికి నరాల జబ్బులూ తెచ్చిపెట్టేవి. 2004 చివరికల్లా దేశంలో దాన్ని ఆపేశారు. ఇప్పటివన్నీ ప్రయోగశాలలో పెంచిన కణాలతో చేసినవి. వాటిలో పేరున్న అభయ్‌రాబ్‌ను హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేస్తోంది. బొడ్డు సూదులు పోయి ఇరవై ఏళ్లు దాటినా వాటి భయం ఊళ్లలో ఇంకా మిగలడం బాధాకరం. ఆ భయాన్ని పోగొట్టడం మీద ఆరోగ్య శాఖ పెట్టాల్సినంత శ్రద్ధ పెట్టలేదు.

ఒక్క విషయంలో మేనమామదే పైచేయి అయింది. బయలుదేరే ముందే అందరూ టీకా వేయించుకోవాలని మేనకోడలి ఆసుపత్రిలో ఒక యువ డాక్టరు పట్టుబట్టాడట. "పది రోజుల కాశీ యాత్రకు, పెద్ద ఊళ్ల మీదుగా పోయేవాళ్లకు ముందస్తు సూదులెందుకు? కరిచినవాడికి అందాల్సిన మందు కరవనివాడికి పోదూ?" అని మేనమామ అడిగాడు. ఆమె ఒప్పుకుంది. ముందస్తు టీకా అక్కరకు వచ్చేది ఆసుపత్రికి ఒక రోజు దూరంలో కొండల్లో నడిచేవాళ్లకు, ఇమ్యునోగ్లోబులిన్ దొరకని దేశాల్లో నెలల తరబడి ఉండేవాళ్లకు, జంతువులతో పనిచేసేవాళ్లకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారం తేడాతో రెండు సూదులు చాలంటోంది. మన దేశంలో 0, 7 రోజులకు, తర్వాత 21 లేదా 28వ రోజుకు మూడు వేస్తారు. అవి వేయించుకున్నవాళ్లను తర్వాత కుక్క కరిస్తే ఇమ్యునోగ్లోబులిన్ పనిలేదు, 0, 3 రోజులకు రెండు సూదులు సరిపోతాయి. కరిచాక ఇక సూదే అవసరం లేదనుకోవడం మాత్రం పొరపాటు.

కోతుల దగ్గర మళ్లీ ఆమె మాటే నెగ్గింది. బృందావనంలో కళ్లజోళ్లు లాక్కునే కోతులు ఎంత పేరుమోసినవో యాత్రికులకు తెలుసు. కోతికి రేబిస్ రావడం తక్కువే, అయినా రాదని కాదు. దానికి పది రోజుల నియమం వర్తించదు కాబట్టి కోతి కరిస్తే టీకా పూర్తిగా వేయించుకోవాల్సిందే. అరటిపండ్ల సంచి చేతిలో పట్టుకుని కోతుల మధ్యకు పోవద్దని, లాక్కుంటే వదిలేయమని, పళ్లు కనబడేలా నవ్వవద్దని, ఆ నవ్వును అది కయ్యానికి పిలుపనుకుంటుందని ఆమె చెప్పింది. బాలీ ద్వీపానికి తెలుగువాళ్లు ఇప్పుడు విరివిగా వెళుతున్నారు. 2008 నుంచి అక్కడ కుక్కల్లో రేబిస్ ఉంది, ఉబుద్ కోతుల వనంలో ఫొటోల కోసం భుజాన కోతిని ఎక్కించుకునేవాళ్లకూ కొదవ లేదు. అమెరికాలో స్థిరపడ్డవాళ్లు జాగ్రత్తపడాల్సింది గబ్బిలంతో. అక్కడ మనుషులకు రేబిస్ ఎక్కువగా గబ్బిలాల వల్లే వస్తోంది, దాని పంటి గాటు కంటికి కనిపించకపోవచ్చు. నిద్ర లేచేసరికి గదిలో గబ్బిలం కనిపిస్తే డాక్టరుకు చెప్పాలి.

ఇంటికి చేరాక చూద్దామనుకోవడం, చిన్న గీరేగా అనుకోవడం మన దేశంలోనే ఉన్న అలవాటు కాదు. ఒక నార్వే యువతి ఫిలిప్పీన్స్‌లో సెలవులకు వెళ్లి రోడ్డు పక్క కుక్కపిల్లను చేరదీసింది. ఆడుకుంటూ అది చిన్నగా కరిచింది. స్వదేశం చేరాక జబ్బు బయటపడి 2019 మేలో చనిపోయింది. 2025 ఫిబ్రవరిలో మొరాకోలో ఒక కుక్కపిల్ల గీరిన బ్రిటిష్ మహిళ అదే ఏడాది జూన్‌లో ఇంగ్లండ్ ఆసుపత్రిలో కన్నుమూసింది. రెండు దేశాల్లోనూ వైద్యానికి లోటు లేదు. ఆ చిన్న కాటును, గీరును టీకా వేయించుకోవాల్సిన గాయంగా ఆ రోజున ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఈ రెండు సంగతులు విన్నాక మేనమామ వాదించడం మానేశాడు. వచ్చే యాత్ర నుంచి బస్సులో సబ్బులు, అయోడిన్ సీసా, దారిలోని ప్రభుత్వాసుపత్రుల జాబితా పెడతానన్నాడు. కుక్కకు రొట్టె పెట్టడం మాత్రం మాననన్నాడు. మానమని ఆమె కూడా అడగలేదు.

యాత్ర నుంచి వచ్చి రెండు నెలలైనా, మూడు నెలలైనా, అక్కడ పడిన కాటుకో గీరుకో టీకా వేయించుకోనివాళ్లు ఇప్పుడైనా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. గాయం మానిపోయినా సరే, జబ్బు లక్షణాలు మొదలవనంత వరకూ చికిత్స ఈరోజే కాటు పడిన మనిషికి ఇచ్చినట్టే ఇస్తారు.